ఎవరూ చూడని ఉపవాసం

2018లో రంజాన్ నెల రోహిణీ కార్తెలో పడింది. గుడివాడ ఎండల సంగతి ఈ చుట్టుపక్కల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పెరట్లో బట్టలు తీస్తుంటే, గోడ అవతల కుళాయి దగ్గర పక్కింటి ఆపా నమాజుకి ముందు చేసే ‘వుజూ’ చేసుకుంటోంది. చేతులు కడుక్కుని, నోట్లో నీళ్ళు పోసుకుని మూడుసార్లు పుక్కిలించి ఉమ్మింది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన నీళ్ళే. మళ్ళీ తాగేది సాయంత్రం ఆరున్నర దాటాకే.

“ఒక్క గుటక లోపలికి జారితే ఎవరికి తెలుస్తుంది ఆపా?” అన్నాను నవ్వుతూ.

“ఎవరికీ తెలీదు చెల్లీ. అందుకేగా ఇది రోజా అయ్యింది!” అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆ మాట చాలారోజులు నన్ను వదల్లేదు. నమాజు చేస్తే నలుగురూ చూస్తారు. దానం చేస్తే పుచ్చుకున్నవాళ్ళకైనా తెలుస్తుంది. హజ్‌కి వెళ్ళొస్తే ఊరంతా తెలుస్తుంది. ఉపవాసం అలా కాదు. అది ఉన్నామో లేదో మనకీ, దేవుడికీ తప్ప మూడోవాళ్ళకి తెలిసే దారి లేదు. మిగతా మంచిపనుల మాట ఎలా ఉన్నా ఉపవాసం ప్రత్యేకించి తనదేననీ, దాని ఫలం తానే ఇస్తాననీ దేవుడు చెప్పినట్టు ప్రవక్త బోధల్లో ఉందట. అలాగే అబద్ధం మాననివాడు అన్నం మానితే దేవుడికి ఒరిగేదేమీ లేదన్న హెచ్చరిక కూడా ఉంది. అరబ్బీలో ఉపవాసాన్ని ‘సౌమ్’ అంటారు. ఆగడం, ఆపుకోవడం అని అర్థం. మన ‘ఉపవాసం’ అంటే దగ్గరగా ఉండడం. చూడబోతే రెండు మాటలూ ఒకే గుమ్మానికి చేరుస్తున్నాయి కదూ!

ఇక వంటింటి సంగతి. రంజాన్ నెలలో ఆడవాళ్ళకి పని రెట్టింపు. మూడింటికే లేచి సహరీ వండాలి. సాయంత్రం ఇఫ్తార్‌కి పకోడీలు, పళ్ళముక్కలు, ఆ తరవాత రాత్రి భోజనం. ఇదంతా ఖాళీ కడుపుతో, పొయ్యి సెగలో, ఉప్పు కూడా చూడకుండా! మగవాళ్ళ ఉపవాసంకంటే ఇది ఒక మెట్టు పైనే అని నా ఉద్దేశం. భర్త కోపిష్టివాడైతే నాలుక చివరతో ఉప్పు చూసి ఉమ్మేయవచ్చని పూర్వపు ధర్మశాస్త్ర పండితులు రాశారని ఆపా చెబితే ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ పండితుల ఇళ్ళల్లో ఏం జరిగి ఉంటుందో!

మా పుట్టిల్లు బందరు. గోల్కొండ సుల్తానుల కాలంలో హజ్ యాత్రికులతో ఓడలు ఎర్రసముద్రం వైపు సాగిన రేవు అది. నా చిన్నప్పుడు రంజాన్ చలికాలంలో వచ్చేది. దుప్పటి ముసుగులోంచి సహరీకి లేపేవాళ్ళ కేకలు వినేదాన్ని. ముస్లింల చాంద్రమానంలో అధికమాసం కలపరు కనుక రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 33 ఏళ్ళకి ఋతువులన్నీ చుట్టివస్తుంది. నా కళ్ళముందే అది డిసెంబరు నుంచి మే దాకా తిరిగి, ఇప్పుడు మళ్ళీ చలి వైపు నడుస్తోంది. ఎవరికీ ఎప్పుడూ సుఖమైన కాలమే, లేదా కష్టమైన కాలమే దక్కకుండా ఎంత బాగా కుదిరిందో అనిపిస్తుంది.

బందరు పక్కనే పెడన. కలంకారీ అద్దకానికి పేరు. అద్దిన బట్టని పారే నీళ్ళలో జాడించాలి, రాగి కాగుల్లో ఉడికించాలి. రోజా ఉన్న పనివాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో గంటలకొద్దీ నిలబడి, ఒక్క చుక్క గొంతు దిగకుండా పని చేయడం తలుచుకుంటే నాకు దాహం వేస్తుంది.

పేదల ఆకలి తెలియడానికే ఈ ఉపవాసాలని మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఒకసారి నేనూ అలాగే అంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడది దివిసీమ, నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి పెళ్ళీడు పిల్ల. “చుట్టూ నీళ్ళే. నోట్లో పోసుకుందామంటే ఉప్పు. బావులన్నీ ఉప్పు. మాకెవరూ ఆకలి నేర్పక్కర్లేదమ్మాయ్. మరి లేనివాళ్ళు కూడా రోజా ఎందుకుంటున్నట్టు?” అంది.

నిజమే. కూలికి వెళ్ళేవాళ్ళూ, రిక్షా తొక్కేవాళ్ళూ కూడా ఉంటున్నారు. ఈ ప్రశ్న ఆపాని అడిగితే కాసేపు ఆలోచించి, “లేని రోజున పస్తుంటే ఆకలి మన మీద పెత్తనం చేస్తుంది. రోజా నాడు ఆకలి మీద మన పెత్తనం. పేదవాడికి కూడా ఆ ఒక్క నెలా తన ఆకలి తన చెప్పుచేతల్లో ఉంటుంది చెల్లీ” అంది. అత్తగారికి చెప్పాను. ఏమీ అనలేదు కానీ, మర్నాడు ఆపా ఇంటికి డజను అరటిపళ్ళు పంపించింది.

ఖురాన్‌లో ఉపవాసం ఎందుకో చెబుతూ వాడిన మాట ‘తఖ్వా’. దైవభీతి అని అనువదిస్తారు. కాచుకోవడం, కాపాడుకోవడం అన్నది దాని మూలంలో ఉన్న అర్థమట. రెండో అధ్యాయంలో ఉపవాసం ఉండమన్న చోటనే, జబ్బుపడినవాళ్ళూ ప్రయాణంలో ఉన్నవాళ్ళూ మానేసి తరవాత ఉండవచ్చన్న సెలవు కూడా ఉంది. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ ఆ వెసులుబాటు ఉంది. నెలసరి రోజుల్లోనైతే ఉపవాసం ఉండనే కూడదు. ఆ రోజులు లెక్కపెట్టి తరవాత తీర్చుకోవాలి.

సెలవు దేవుడిచ్చాడు సరే, ఇంట్లో మనుషులు ఇస్తేనా? ఆపా కోడలు ఆ నాలుగు రోజులూ తలుపు చాటున నిలబడి గ్లాసుడు నీళ్ళు గబగబా తాగడం నేను చూశాను. మామగారు చూస్తే సిగ్గట! మన ఇళ్ళల్లో మూల కూర్చోబెట్టి అందరికీ తెలిసేలా చేసేవారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ తెలియకుండా దాక్కోవాలి. రెండింటిలో ఏది నయమో నేను చెప్పలేను.

2023 రంజాన్‌లో ఒక మధ్యాహ్నం ఆ కోడలే పరుగున వచ్చింది. ఆపాకి అప్పటికి షుగరు వచ్చి మూడేళ్ళు. ఉపవాసం వద్దని డాక్టరు ముందే చెప్పినా వినలేదు. నేను వెళ్ళేసరికి వంటింట్లో గోడకి చేరగిలబడి ఉంది. ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. మిషను పెట్టి చూస్తే 58. ఉపవాసంలో షుగరు 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలని డాక్టర్లు చెబుతారు. పంచదార నీళ్ళు కలిపి నోటి దగ్గర పెడితే ఆపా పళ్ళు బిగించేసింది. “సాయంత్రం దాకా ఓర్చుకుంటా” అంటుంది!

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నా చెయ్యి వణికింది. ఆమె వ్రతాన్ని నా చేత్తో చెడగొట్టడమా అనిపించింది. కోడలికి అటువంటి సందేహం రాలేదు. గ్లాసు నా చేతిలోంచి లాక్కుని, అత్తగారి గడ్డం పట్టుకుని తాగించింది. తలుపు చాటున నీళ్ళు తాగే పిల్లేనా అనుకున్నాను.

ఆపా రెండు రోజులు ఏడ్చింది. నలభై ఏళ్ళుగా సెలవు రోజులకి కూడా తరవాత తీర్చుకుంటూ వచ్చిన మనిషి! మసీదు నుంచి ఇమాం సాహెబు కబురు పంపారు. ఉండమన్నవాడే మానమన్నాడు, ఒక మాట విని రెండోది వినకపోతే అది మొండితనం అవుతుంది కానీ భక్తి కాదు అని. ఎప్పటికీ ఉండలేని జబ్బు కనుక రోజుకి ఒక పేదకి భోజనం పెట్టమన్నారు. దాన్ని ‘ఫిద్యా’ అంటారు.

2025 మార్చిలో ఒకరోజు సాయంత్రం ఆపా ఇంటికి వెళ్ళాను. ఆమె ఫిద్యా బియ్యం కొలిచి సంచుల్లో కట్టిస్తోంది. వంటింట్లో కోడలు దాల్చా దింపుతూ, “అత్తమ్మా, ఉప్పు!” అని కేకేసింది. ఆపా లేచి వెళ్ళి గరిటె అంచున కాస్త అరచేతిలో వేసుకుని చూసింది. “ఇంట్లో అందరూ రోజాలోనే. ఉప్పు చూసే ఉద్యోగం నాకిచ్చారు” అని నాకూ కాస్త చేతిలో వేసింది. చింతపండు సరిపోయింది కానీ, ఇంకొంచెం ఉప్పు పడాలి. అదే చెప్పాను.