నువ్వుచేను - వాన - గువ్వలు

నువ్వు తక్కువ తడితో పండే పంట. నిలువనీటిని అది సహింపదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడిలో రెండు రోజులు నీరు నిలిచిందంటే వేళ్ళకు గాలి అందక మొక్క పసుపుబారి వాలిపోతుంది. జగిత్యాల సమీపాన పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం తెల్లనువ్వు రకాలను రూపొందించింది. వేసవి పంట కోతవేళ కురిసే అకాలవర్షం మరింత క్రూరమైనది. నిలబెట్టిన కట్టలు తడిసి ఎండగా కాయలు విచ్చి గింజ నేలరాలుతుంది. మిగిలినది రంగు మారి ధర కోల్పోతుంది. అప్పుడే గువ్వలు, పావురాలు దిగుతాయి. నష్టం వానది, నింద మాత్రం గువ్వది!

ఇంగ్లండులో ఆవజాతి నూనెగింజల చేలపై వాలే అడవి పావురాలను రైతులు తుపాకితో కాలుస్తారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని అనుసరించి గువ్వలను వేటాడరాదు. కనుక మంచె, కేక, డప్పుచప్పుడు, ఇవే కాపలా. గాలివానలో కావలివాడు మంచె దిగక తప్పదు. వాన వెలిసేసరికి అతనికంటే ముందుగా గువ్వలే చేనికి చేరతాయి.