పెళ్ళి వీడియో – డిస్కు లెక్క

వివాహం ఒకనాటి వేడుక. దాని జ్ఞాపకం తరతరాలకు నిలిచే సంపద. ఖమ్మం జిల్లాలో సత్తుపల్లికి చేరువనున్న వేంసూరు వంటి ఊళ్ళలో సైతం కాలక్రమాన పెళ్ళి పందిట్లో ఫోటోగ్రాఫరు సరసన వీడియోగ్రాఫరు కూడా నిలిచాడు. ఆనాటి వి.హెచ్.ఎస్. క్యాసెట్లు కొన్ని ఇళ్ళ బీరువాలలో నేటికీ ఉన్నాయి. తేమ తగిలితే టేపుకు బూజు పడుతుంది. దానిపై ఉన్న అయస్కాంత ముద్ర ఏటికేడు బలహీనమవుతుంది. ఇప్పుడు మన మధ్య లేని తాతయ్య మాట, నాయనమ్మ నవ్వు ఆ టేపులోనే ఉండవచ్చు. అందుచేత దానిని డిస్కుకు ఎక్కించేటప్పుడు లెక్క తప్పితే నష్టపోయేది ఖాళీ డిస్కు ఒక్కటే కాదు. మరొకసారి తీద్దామంటే టేపు సహకరించకపోవచ్చు.

ముందుగా దృశ్యం ఎంత బరువైనదో చూద్దాం. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో డీవీడీ చిత్రానికి అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్క రంగుకు మూడు బైట్లు, సెకనుకు 25 చిత్రాలు. వీటిని గుణిస్తే సెకనుకు సుమారు 3 కోట్ల 11 లక్షల బైట్లవుతాయి. సాధారణ డీవీడీలో పట్టేది 470 కోట్ల బైట్లు. అంటే దృశ్యాన్ని ఉన్నదున్నట్లుగా నింపితే రెండున్నర నిమిషాలకే డిస్కు నిండిపోతుంది. పురోహితుడు సంకల్పం చెప్పడమైనా పూర్తికాదు!

ఈ చిక్కును విప్పినది సంపీడనం. ఒక చిత్రానికీ మరుసటి చిత్రానికీ మధ్య మారిన భాగాన్ని మాత్రమే నమోదు చేయడం అందులో ఒక ఉపాయం. చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను వదిలివేయడం మరొకటి. ఈ రెండవదానికి ఆధారమైన గణిత ప్రక్రియను 1974లో ప్రకటించిన ముగ్గురిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతోపాటు కామిశెట్టి రామమోహనరావు ఒకరు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఆయన అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యులుగా పనిచేసి 2021లో కన్నుమూశారు. మన పెళ్ళి డిస్కుల వెనుక ఇటువంటి పేరు ఒకటి ఉన్నదని ఎందరికి తెలుసు?

ఇక అసలు లెక్క. ఫైలు పరిమాణం చిత్రం పెద్దదా చిన్నదా అన్నదానిపై నేరుగా ఆధారపడదు. సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చు చేస్తున్నాం, ఎన్ని సెకన్లు చేస్తున్నాం అన్న రెండింటి లబ్ధమే పరిమాణం. 1993లో రూపొందిన వీసీడీలో ఈ వేగం స్థిరం, దృశ్యానికి సెకనుకు 11 లక్షల 50 వేల బిట్లు. అందువల్ల నిమిషాలు లెక్కిస్తే చాలు. 80 నిమిషాల సీడీలో 80 నిమిషాల పెళ్ళి పడుతుంది. డీవీడీలో ఆ వేగాన్ని మనమే నిర్ణయించాలి.

రెండు గంటల వీడియో ఉన్నదనుకుందాం. 470 కోట్ల బైట్లంటే 3,760 కోట్ల బిట్లు. 7,200 సెకన్లతో భాగిస్తే సెకనుకు 52 లక్షలు వస్తాయి. మెనూలకు, కట్టుబడి సమాచారానికి నూటికి నాలుగు వంతులు, శబ్దానికి 1 లక్షా 92 వేలు తీసివేస్తే దృశ్యానికి మిగిలేది దాదాపు 48 లక్షలు. ఇది మంచి నాణ్యతకు చాలును. అదే మూడు గంటలైతే 31 లక్షలకు దిగుతుంది. అంతగా కుదించడం కంటే రెండు డిస్కులు వాడడమే మేలు.

అయితే పెళ్ళిలో అన్ని ఘట్టాలూ ఒక్క తీరున ఉండవు. వధూవరులు పీటలపై కదలక కూర్చున్నప్పుడు తక్కువ బిట్లు చాలును. తలంబ్రాల వేళ ఎగిరే ప్రతి గింజా మారిన భాగమే. భద్రాచలం ఏజెన్సీలో కోయల కొమ్ము నృత్యాన్ని చిత్రించినా ఇదే స్థితి. ఇటువంటి చోట బిట్లు చాలకపోతే చిత్రం గడులు గడులుగా చెదరిపోతుంది. కనుక మంచి సాఫ్ట్‌వేరు వీడియోను రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి కష్టమైన ఘట్టాలను గుర్తించి, రెండవసారి సగటు మారకుండా బిట్లను పంచుతుంది. ఈ పద్ధతిలో సమయం రెట్టింపైనా మొత్తం పరిమాణం ముందే తెలుస్తుంది.

వేగాన్ని కాక నాణ్యతను స్థిరంగా ఉంచితే పరిమాణం ముందుగా తెలియదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. ఇక్కడ ఒక్క మెతుకు చాలదు. ప్రతి పది నిమిషాలకొక నిమిషం చొప్పున పన్నెండు ముక్కలు తీసి కుదించి చూడాలి. అవి 60 కోట్ల బైట్లయితే రెండు గంటలకు 600 కోట్లు అవుతాయని అంచనా. డిస్కులో పట్టదు కనుక నాణ్యత తగ్గించాలి, లేదా రెండవ డిస్కు తీయాలి.

మరొక్క మాట. డిస్కుపై 4.7 అని ముద్రించి ఉన్నా కంప్యూటరు 4.38 అని చూపవచ్చు. దుకాణదారుని నిందించనక్కరలేదు. డిస్కు తయారీదారు నూరు కోట్ల బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తే, కంప్యూటరు 107 కోట్లకు పైబడిన రాశిని అదే పేరుతో పిలుస్తుంది. డిస్కు బదులు పెన్‌డ్రైవులో దాచుకునేవారికీ ఈ తేడా ముఖ్యమే. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవులో ఒక్కొక్క ఫైలు 429 కోట్ల బైట్లను మించరాదు. డిస్కుకు సరిపోయిన పెళ్ళిని ఒకే ఫైలుగా అందులోకి పంపితే చోటున్నా ఎక్కదు. రెండు ముక్కలు చేయవలసిందే.