కాఫీ, టీలు: కప్పుల లెక్క, గడియారపు లెక్క

విశాఖపట్నం రాత్రివేళ నిద్రపోని నగరం. 1933లో ఇక్కడ నౌకాశ్రయం ప్రారంభమైనది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1వ తేదీన ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైనది. ఓడ రేవుకు చేరిన తర్వాత సరుకు దించక తప్పదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఇంటి పొయ్యి వలె రాత్రి ఆర్పి ఉదయం వెలిగించుటకు వీలులేదు. కనుక ఈ ఊరిలో వేలాది కుటుంబాల దినచర్య సూర్యుని బట్టి కాక, షిఫ్టు గంటను బట్టి నడుస్తుంది. అందువలననే గాజువాకలోను, కూర్మన్నపాలెంలోను, సింధియా ప్రాంతంలోను తెల్లవారుజామున సైతం ఏదో ఒక టీ బడ్డీ దగ్గర పాలు పొంగుతూనే ఉంటాయి.

నా వద్దకు నిద్రలేమితోను, గుండెదడతోను, కడుపులో మంటతోను వచ్చేవారిని నేను తప్పక ఒక ప్రశ్న అడుగుతాను: ‘కాఫీ తాగుతారా? టీ తాగుతారా?’ అని. ‘రోజుకు రెండేనండి’ అని కొందరు, ‘ఎనిమిది పది అవుతాయండి’ అని మరికొందరు చెపుతారు. అందరికీ కప్పుల లెక్క తెలుసు. అయితే చివరి కప్పు ఏ వేళకు తాగుతున్నారు, ఆ తర్వాత ఎన్ని గంటలకు పడుకుంటున్నారు అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. నిద్ర విషయంలో ఈ రెండవ లెక్కయే ముఖ్యమైనది. పాఠకులకు దానిని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు దారులు కలిసిన ఊరు

చెన్నై–హౌరా రైలు మార్గం మీద విశాఖ నడుమ ఉన్నది. దక్షిణం నుండి ఫిల్టరు కాఫీ, ఉత్తరం నుండి తేనీరు వచ్చి ఇక్కడ కలిశాయని నాకు అనిపిస్తుంది. పాతకాలపు ఇండ్లలో తెల్లవారగానే స్టీలు ఫిల్టరులో డికాక్షన్ దిగుతుంది. రేవులోను, కర్మాగారాల వద్దను పనిచేసేవారికి అల్లం టీ ఇష్టం. ఒకే ఇంటిలో భార్యకు కాఫీ, భర్తకు టీ అనే వాడుక కూడా సాధారణమే.

పైగా మన పొరుగుననే కాఫీ పండుతున్నది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన అరకు లోయలో గిరిజన రైతులు చెట్ల నీడలో పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే, రోబస్టా గింజలో సుమారు 2.2 శాతం ఉంటుంది. చికోరి వేరులో కెఫీన్ బొత్తిగా లేదు. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ-చికోరి మిశ్రమంలో చికోరి 49 శాతం వరకు ఉండవచ్చును. ప్యాకెట్టు మీద ఆ శాతాన్ని చదివి కొనే అలవాటు చేసుకొనుట మంచిది. అదే రంగు, అదే చిక్కదనం గల రెండు కప్పులలో కెఫీన్ రెండింతల తేడాతో ఉండవచ్చును.

కెఫీన్ శరీరంలో చేసే పని

మనం మేల్కొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగవుతూ ఉంటుంది. అది తనకు తగిన స్థానాలలో చేరినకొలదీ మనకు నిద్ర ముంచుకొని వస్తుంది. కెఫీన్ ఆ స్థానాలను ముందుగానే ఆక్రమిస్తుంది. అందుచేత అలసట తెలియదు. అంతేగాని అలసట తీరిపోదు. పోగైన అడినోసిన్ అక్కడే వేచి ఉండి, కెఫీన్ తొలగిన వెంటనే ఒక్కసారిగా మీద పడుతుంది. చేబదులు తెచ్చుకున్న సొమ్ముతో పండుగ గడపవచ్చును గాని, బాకీ తీరదు గదా! నిద్ర బాకీ కూడా నిద్రతోనే తీరవలెను.

ఆరోగ్యవంతునిలో కెఫీన్ సగానికి తగ్గుటకు సుమారు 5 గంటలు పడుతుంది. కొందరిలో 3 గంటలు చాలును, మరికొందరిలో 7 గంటలు పట్టవచ్చును. సాయంకాలం 6 గంటలకు 100 మిల్లీగ్రాముల కెఫీన్ గల ఫిల్టరు కాఫీ తాగినవారికి, రాత్రి 11 గంటలకు ఇంకా 50 మిల్లీగ్రాములు మిగిలియే ఉంటుంది. అనగా, పడుకోబోయే ముందు ఒక కప్పు టీ తాగినట్లే. ‘నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది’ అనేవారికి నిద్ర పట్టవచ్చును గాని, గాఢనిద్ర తగ్గుతుంది. ఉదయం లేవగానే ఒళ్ళు భారంగా ఉండి, మరల కాఫీ కావలసి వస్తుంది. 2013లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, పడుకొనుటకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ పుచ్చుకొన్నవారికి సైతం నిద్ర గంటకు పైగా తగ్గినది. అది నాలుగు కప్పులకు సమానమైన మోతాదు అన్నది నిజమే. అయినను ఆరు గంటల తర్వాత కూడా దాని ప్రభావం నిలిచి ఉన్నదని గమనించవలెను.

ఏ కప్పులో ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు మించరాదని ఆ సంస్థ సూచించినది.

ఈ లెక్కన చూస్తే, ఇంటిలో పెద్ద గ్లాసుతో మూడు ఫిల్టరు కాఫీలు తాగే గృహిణి, బడ్డీ దగ్గర 75 మిల్లీలీటర్ల చిన్న కప్పుతో ఎనిమిది టీలు తాగే కార్మికుని కంటె ఎక్కువ కెఫీన్ పుచ్చుకొంటూ ఉండవచ్చును. అయితే ఆ కార్మికునికి వేరొక ప్రమాదం పొంచి ఉన్నది. కప్పుకు ఒక చెంచా చొప్పున ఎనిమిది చెంచాల పంచదార 32 నుండి 40 గ్రాములు అవుతుంది. రోజుకు సుమారు 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెపుతున్నది.

వాగ్భటుడు చెప్పిన మాట

చరక, సుశ్రుత, వాగ్భటుల గ్రంథాలలో కాఫీ, తేయాకుల ప్రసక్తి కనిపించదు. అవి మన ఇండ్లలోకి చాలా కాలం తర్వాత వచ్చినవి. కాని జాగరణ గురించి ఆ మహర్షులు విపులంగా చెప్పియున్నారు. చరకుడు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యాలను శరీరమనే ఇంటిని నిలిపే మూడు ఉపస్తంభాలుగా పేర్కొన్నాడు. రాత్రి జాగరణ వలన శరీరంలో రూక్షత, అనగా ఎండుదనం పెరుగుతుందని చెప్పాడు. రూక్షగుణం వాతానిది. చేదు, వగరు రుచులు కూడా వాతాన్ని పెంచేవే. కాఫీ చేదు, టీ వగరు. కనుక రాత్రంతా మేల్కొని, దాని మీద నాలుగు టీలు తాగితే వాతం మీద వాతం చేరుతుందని నేటి ఆయుర్వేద వైద్యులు భావిస్తున్నారు. మలబద్ధకం, ఒళ్ళునొప్పులు, చిరాకు, నిద్రలేమి ఆ లక్షణాలే.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో చక్కని ఉపాయం కూడా చెప్పాడు. అలవాటు లేక రాత్రి మేల్కొనవలసి వచ్చినవారు, ఎంతసేపు మేల్కొన్నారో అందులో సగం సేపు మరునాటి ఉదయం భోజనం చేయక ముందే నిద్రించవలెను. నైట్ షిఫ్టు వారికి ఇంతకంటె ఉపయుక్తమైన సలహా దొరకదు.

నైట్ షిఫ్టు వారికి దినచర్య

ఉదయం ఇంటికి చేరి, కడుపునిండా ఇడ్లీ, దోశె తిని, దాని మీద వేడి కాఫీ తాగి పడుకొనుట మన ఇండ్లలో వాడుక. ‘రాత్రంతా కష్టపడి వచ్చారు’ అని ఇల్లాలు ప్రేమతో ఇచ్చే ఆ కాఫీయే ఆయన నిద్రకు శత్రువు. నా సూచనలు ఇవి:

1. నిద్రించే వేళ నుండి వెనుకకు లెక్కించవలెను. ఉదయం 8 గంటలకు పడుకునేవారు రాత్రి 2 గంటల తర్వాత కాఫీ గాని, టీ గాని ముట్టరాదు. పగటి ఉద్యోగులకు ఈ హద్దు మధ్యాహ్నం 4 గంటలు.

2. తాగదలచిన కప్పును షిఫ్టు మొదటి భాగంలోనే తాగవలెను. తెల్లవారుజామున కునుకు వచ్చే వేళ చన్నీళ్ళతో ముఖం కడుగుకొని, వెలుతురులో నాలుగు అడుగులు నడవవలెను. విరామం ఉన్నచోట పావుగంట కునుకు ఎంతో మేలు చేస్తుంది.

3. కళ్ళు మూతలు పడుతూ ఉంటే స్కూటరు మీద ఇంటికి బయలుదేరరాదు. ‘ఒక టీ కొట్టి వెళ్దాం’ అనే ధైర్యం జాతీయ రహదారి మీద పనికిరాదు. కాసేపు కునుకు తీసి గాని, బస్సులో గాని రావలెను.

4. ఇంటికి వచ్చిన తర్వాత గోరువెచ్చని నీటితో స్నానం చేసి, అరికాళ్ళకు నువ్వుల నూనె రాసుకొని, గదిని చీకటి చేసుకొని నిద్రించవలెను. ఫోను మోగకుండా, తలుపు తట్టకుండా చూచుట కుటుంబసభ్యుల బాధ్యత. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం కడుపు ఖాళీగా పడుకోరాదు. వారు తమ వైద్యుని అడిగి తేలికపాటి ఆహారం తీసుకొనవలెను.

ఉక్కు నగరంలో ఇనుము కొరత

బైలదిల్లా గనుల నుండి ఇనుప ఖనిజం అరకు కొండల గుండా వచ్చే రైలు మార్గంలోనే మన రేవుకు చేరుతున్నది. ఇంత ఇనుము చూచే రాష్ట్రంలోనే సగానికి మించిన స్త్రీలకు రక్తహీనత ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెపుతున్నాయి. దీనికి కారణాలు పెక్కు ఉన్నాయి. వాటిలో మనం పైసా ఖర్చు లేకుండా సరిదిద్దుకోగలిగినది ఒకటి ఉన్నది. టీ, కాఫీలలోని వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుమును పట్టుకొని రక్తంలో చేరనీయవు. భోజనంతోపాటు తాగిన టీ ఇనుము గ్రహింపును సగానికి పైగా తగ్గించగలదు. కాఫీ కూడా కొంత తగ్గిస్తుంది.

కనుక టిఫిను, భోజనాలకు గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దు. తోటకూర పప్పు తిన్న ఆడపిల్లకు వెంటనే టీ ఇచ్చుట కంటె, ఆ పప్పులో నిమ్మరసం పిండుట మేలు. ఇనుము మాత్రలను టీతో మింగుట బొత్తిగా తగదు. థైరాయిడ్ మాత్ర వేసుకున్నవారు కూడా కనీసం అరగంట నుండి గంట వరకు కాఫీ తాగరాదు.

ఉపవాసం నాటి తలనొప్పి

కార్తీక సోమవారం, శివరాత్రి పర్వదినాలలో ఉపవాసం ఉన్నవారు మధ్యాహ్నానికి తల బద్దలవుతున్నదని చెప్పుట మామూలే. ‘పైత్యం’ అని, ‘ఆకలి’ అని అనుకుంటారు. రోజూ కాఫీ తాగేవారు మానివేసినప్పుడు 12 నుండి 24 గంటలలోపు తలనొప్పి, నీరసం, విసుగు మొదలవుతాయి. రెండు రోజుల వరకు పెరిగి, వారం పైగా ఉండవచ్చును. కనుక చాలామంది విషయంలో ఆ తలనొప్పి కాఫీ లేనందున వచ్చినదే. ఒక్కసారిగా మానివేయుట తగదు. నాలుగైదు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించవలెను. ముందుగా తీసివేయవలసినది సాయంకాలపు కప్పు.

ధనియాల కాఫీ

తగ్గించిన కప్పు స్థానంలో వేడిగా ఏదో ఒకటి లేనిదే చేతికి తోచదు. అట్టివారికి ఇది మంచి పానీయం.

ధనియాలు 100 గ్రాములు, జీలకర్ర 25 గ్రాములు విడివిడిగా దోరగా వేయించవలెను. శొంఠి 10 గ్రాములు, ఏలకులు నాలుగైదు చేర్చి మెత్తగా పొడి కొట్టి, సీసాలో భద్రపరచవలెను. ఒకటిన్నర గ్లాసు నీటిలో చెంచా పొడి వేసి, గ్లాసు మిగులునట్లు కాచి వడగట్టవలెను. దించిన తర్వాత బెల్లం, కాచిన పాలు కొద్దిగా కలుపుకొనవచ్చును. బెల్లం కలిపిన పాలను మరల మరిగిస్తే విరిగిపోతాయి. కడుపులో మంట ఉన్నవారు శొంఠి తగ్గించవలెను. వేసవిలో ఉప్పు, కరివేపాకు, అల్లం చేర్చిన పలుచని మజ్జిగ అన్నింటికంటె శ్రేష్ఠం.

ఎవరు మరింత జాగ్రత్తపడవలెను?

గర్భిణులలో, ముఖ్యంగా చివరి నెలలలో, కెఫీన్ సగమగుటకు 15 గంటల వరకు పట్టవచ్చును. వారు రోజుకు 200 మిల్లీగ్రాములు దాటరాదని పలు దేశాల ప్రసూతి వైద్యుల సలహా. గుండెదడ, అధిక రక్తపోటు, అల్సరు ఉన్నవారు వైద్యుని సలహాతో పరిమితిని నిర్ణయించుకొనవలెను. రక్తపోటు చూపించుకొనే ముందు అరగంట వరకు కాఫీ తాగరాదు. పరీక్షల కాలంలో పిల్లలు కొని తాగే ‘ఎనర్జీ’ పానీయాలలో మన నిబంధనల ప్రకారం లీటరుకు 145 నుండి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చును. 250 మిల్లీలీటర్ల డబ్బా ఒక కాఫీకి సమానం కాగలదు. పిల్లలకు అవి వద్దు. చదివినది మనసులో నిలుచుటకు నిద్రయే ఆధారం.

కాఫీ, టీలు విషాలు కావు. ఉదయపు కాఫీతో దినపత్రిక చదువుకొనే ఆనందాన్ని ఎవరూ వదలుకొననక్కరలేదు. ఒక వారం పాటు వంటింటి క్యాలెండరు మీద ఇంటిల్లిపాదీ తమ చివరి కప్పు వేళను, నిద్ర పట్టిన వేళను రాయండి. రెండు అంకెల నడుమ ఆరు గంటల ఎడం లేనివారు ఆ కప్పును ముందుకు జరపవలెను. నిద్ర మాత్ర కొరకు మందుల దుకాణానికి వెళ్ళే ముందు చేయవలసిన చికిత్స ఇదే.