ఆట కంటే ముందు కొలత: పాఠశాల కంప్యూటర్ ల్యాబ్‌లో ఈ-స్పోర్ట్స్

తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలి, జౌళి పరిశ్రమకు పేరుపడ్డ సూరత్ నగరంలో ఒక భాగం. మరమగ్గాల మీద, వాటి చుట్టూ ఉండే పనుల మీద బతికేందుకు ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణల నుంచి వచ్చిన కుటుంబాలు సూరత్‌లో దశాబ్దాలుగా ఉంటున్నాయి. అందుకే సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

తల్లిదండ్రులు షిఫ్టుల్లో పనిచేసే ఇళ్లలో పిల్లల చేతికి సాయంత్రం దొరికేది ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్. ఆ చిన్న తెరపై, ఒంటరిగా, ఎవరి పర్యవేక్షణా లేకుండా ఆట సాగుతుంది. అదే సమయానికి చాలా పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం పడి ఉంటుంది. ఆ తాళం తీసి, అదే గదిలో, ఉన్న కంప్యూటర్లతోనే, ఒక ఉపాధ్యాయుని ఎదుట పిల్లల్ని జట్లుగా ఆడిస్తే ఎలా ఉంటుంది? పాఠశాల ఈ-స్పోర్ట్స్ వెనుక ఉన్న ఆలోచన ఇదే. అమెరికాలోనూ జపాన్‌లోనూ ఉన్నత పాఠశాలల మధ్య ఇటువంటి పోటీలు 2018 ప్రాంతం నుంచి వ్యవస్థీకృతంగా జరుగుతున్నాయి. దీనికి ఖరీదైన యంత్రాలు కావాలన్నది ఒక అపోహ. నిజానికి ముందు కావలసింది కొలత. గదిలో ఏం ఉంది, ఎంత వేగంగా స్పందిస్తోంది, ఎంత వేడెక్కుతోంది, పిల్లల కళ్లు ఎంతసేపు ఓర్చుకోగలవు అన్నవి తెలియాలి.

చట్టం గీసిన గీత

తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న: ఇది జూదమా? దీనికి జవాబు చట్టంలోనే ఉంది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను యువజన వ్యవహారాలు, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం ఆటలను మూడు రకాలుగా విడదీసింది. ఈ-స్పోర్ట్స్, వినోదం కోసం ఆడే సామాజిక ఆటలు, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటలు. మూడో రకాన్ని నిషేధించి, మొదటి దానిని క్రీడగా గుర్తించింది. పాఠశాల నియమావళిలో ఈ గీతే మొదటి వాక్యం కావాలి. పందెం ఉండదు, ఆటలో వస్తువుల కొనుగోలు ఉండదు.

గుజరాత్‌కు ఈ రంగంలో ఒక గుర్తింపు ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా పెట్టినప్పుడు, కచ్ జిల్లాలోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా ‘హార్త్‌స్టోన్’లో కాంస్యం గెలిచారు. అది పేకముక్కల్లాంటి కార్డులతో వంతులవారీగా ఆడే వ్యూహపు ఆట. అందులో తుపాకులు పేల్చడం ఉండదు, మెరుపు వేగంతో వేళ్లు కదపాల్సిన పనీ లేదు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల నాటికి ఈ-స్పోర్ట్స్ పతక క్రీడ అయింది.

పాత కంప్యూటర్ ఎంత పాతది?

20 కంప్యూటర్లున్న ఒక ల్యాబ్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. వాటిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ప్రాసెసర్‌లోనే ఇమిడిన గ్రాఫిక్స్ భాగం బొమ్మలు గీస్తుంది. ర్యామ్ 4 జీబీ, నిల్వకు తిరిగే హార్డ్ డిస్క్. వీటిని మూల పడేయాల్సిన పని లేదు.

మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది. అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక కొత్త బొమ్మ. ఆటగాళ్ల కోసమని అమ్మే 144 హెర్ట్జ్ మానిటర్‌లో ఈ వ్యవధి 6.9 మిల్లీసెకన్లు. రెండింటి మధ్య తేడా సుమారు 10 మిల్లీసెకన్లు. కానీ భారం మోయలేని కంప్యూటర్ సెకనుకు 20 బొమ్మలే గీయగలిగితే, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య 50 మిల్లీసెకన్లు గడుస్తాయి. కాబట్టి ఉన్న మానిటర్‌కు సరిపడా బొమ్మలు గీయలేని కంప్యూటర్‌కు కొత్త మానిటర్ కొనడం వృథా.

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పులు రెండు. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెడితే కంప్యూటర్ తెరుచుకునే సమయం, ఆట లోడయ్యే సమయం బాగా తగ్గుతాయి. రెండోది ర్యామ్. ప్రాసెసర్‌లో ఇమిడిన గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే బోర్డు అనుమతిస్తే ఒకే 8 జీబీ ముక్కకు బదులు రెండు 4 జీబీ ముక్కలు పెట్టడం మేలు. ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య రెండు దారులు తెరుచుకుని, బొమ్మలు గీసే వేగం పెరుగుతుంది. దుమ్ము పట్టిన ఫ్యాను తుడవడానికి ఖర్చే లేదు. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకునేందుకు వేగం తగ్గించుకుంటుంది కాబట్టి ఆ తుడుపు కూడా వేగాన్ని పెంచేదే.

వంతెన వెడల్పు, దాటే సమయం

ఆట ఆగి ఆగి నడిస్తే అందరూ నెట్ స్పీడును నిందిస్తారు. ఇక్కడ రెండు వేర్వేరు కొలతలు కలిసిపోతున్నాయి. తాపీ మీద వంతెన ఎంత వెడల్పుంటే ఒకేసారి అన్ని బళ్లు వెళ్తాయి. ఇది బ్యాండ్‌విడ్త్. ఒక బండి ఆ ఒడ్డుకు చేరడానికి పట్టే సమయం వేరు. అది లేటెన్సీ. వంతెనను వెడల్పు చేసినంత మాత్రాన దాని పొడవు తగ్గదు. ఆటలో అటూ ఇటూ వెళ్లే సమాచారం చాలా తక్కువ. కానీ అది సమయానికి చేరాలి.

ఈ ఆలస్యానికి భౌతికశాస్త్రం ఒక హద్దు పెట్టింది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. రైలు మార్గంలో సూరత్ నుంచి ముంబయి సుమారు 263 కిలోమీటర్లు. ఫైబర్ కూడా అంతే దూరమనుకుంటే, పోయి రావడానికి 3 మిల్లీసెకన్లలోపే చాలు. అదే ఆట సర్వర్ సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌లో ఉంటే, పోయి రావడానికి కనీసం 40 మిల్లీసెకన్లు కావాలి. ఎంత డబ్బు పోసినా ఈ 40ని తగ్గించలేరు. మధ్యలో రౌటర్ల దగ్గర ఆగే సమయం దీనికి అదనం.

ఈ ఆలస్యాన్ని కొలిచే ‘పింగ్’ అనే ఆదేశం దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. 1983లో అమెరికా శాస్త్రవేత్త మైక్ మూస్ దీన్ని రాశారు. జలాంతర్గాములను పసిగట్టే సోనార్ శబ్దం నుంచి దానికి ఆ పేరు పెట్టారు. పిల్లలు దీన్ని నూరుసార్లు నడిపి, వచ్చిన అంకెలతో గ్రాఫు గీస్తే గణిత పాఠమే అవుతుంది. సగటు ఒక్కటే చూస్తే చాలదు. ఒకసారి 30, మరోసారి 120 మిల్లీసెకన్లు వస్తుంటే ఆట దెబ్బతింటుంది. స్థిరంగా 60 ఉండడం అంతకంటే నయం.

ఒకే గదిలో 20 వైఫై పరికరాలు ఒకే తరంగ మార్గాన్ని పంచుకుంటే ఈ హెచ్చుతగ్గులు పెరుగుతాయి. కేబుల్ వేస్తే తగ్గుతాయి. గదిలోని కంప్యూటర్లను ఒక స్విచ్‌తో కలిపితే వాటి మధ్య ఆలస్యం ఒక మిల్లీసెకను కూడా ఉండదు. అప్పుడు ఇంటర్నెట్ లేకుండానే తరగతుల మధ్య పోటీలు పెట్టవచ్చు. ఆట కొత్త రూపాన్ని దించుకోవడంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. 5 జీబీ ఫైలును 20 కంప్యూటర్లూ విడివిడిగా దించుకుంటే మొత్తం 100 జీబీ. 50 ఎంబీపీఎస్ కనెక్షన్‌పై దానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఒకే కంప్యూటర్ దించుకుని మిగతావాటికి కేబుల్ ద్వారా పంచితే ఇంటర్నెట్ మీద భారం ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది.

గది వేడి

సూరత్ ఎండాకాలంలో మరచిపోకూడని లెక్క ఒకటుంది. మానిటర్‌తో కలిపి ఒక్కో కంప్యూటర్ 100 వాట్లు వాడితే, 20 కంప్యూటర్లకు 2,000 వాట్లు. అదంతా చివరికి వేడిగానే మారుతుంది. కూర్చున్న మనిషి శరీరం కూడా సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది. 25 మంది ఉంటే మరో 2,500. మొత్తం 4.5 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తొలగించగలిగేది సుమారు 3.5 కిలోవాట్ల వేడినే. పైకప్పు నుంచి దిగే ఎండ వేడి ఈ లెక్కలో లేదు. కాబట్టి ఏసీ లేని గదిలో పది కంప్యూటర్లే నడిపి, మిగతా పిల్లలకు బయట వేరే పని అప్పగించడం తెలివైన పని. కరెంటు ఖర్చు మాత్రం భయపెట్టేది కాదు. గంటన్నర సేపు 20 కంప్యూటర్లకూ కలిపి ఖర్చయ్యేది 3 యూనిట్లు.

ఏ ఆట ఆడించాలి?

ఇక్కడ మూడు జల్లెడలు పెట్టుకోవాలి. పిల్లల వయసుకు తగినదై ఉండాలి, ఉన్న కంప్యూటర్‌పై నడవాలి, డబ్బు అడగకూడదు. మొదటి రెండేళ్లకు సరిపోయే ఆటలు ఉచితంగానే దొరుకుతాయి. ‘సూపర్‌టక్స్‌కార్ట్’ అనే కార్ల పందెం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లాన్‌పైనే అందరూ కలిసి ఆడవచ్చు. చదరంగానికి ‘లిచెస్’ వంటి ప్రకటనలు లేని ఉచిత వేదిక ఉంది. చదరంగం ఈ-స్పోర్ట్స్ కాదనే రోజులు పోయాయి. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగం తొలిసారి చేరింది. అందులో వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేసి నాలుగో స్థానం సాధించారు. వరంగల్ వైపు నుంచి వచ్చి సూరత్ మగ్గాల మీద స్థిరపడ్డ కుటుంబాల పిల్లలకు ఆ పేరు దూరపుది కాదు.

ఖాతాలు తెరిచే ముందు ఇంకో జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అందువల్ల పిల్లల అసలు పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ఆట ఖాతాల్లోకి వెళ్లకూడదు. అపరిచితులతో మాట్లాడే చాట్‌ను మూసేయాలి.

కన్ను, మెడ, మైదానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. ఎన్ని గంటలు ఆడారన్నది దానికి కొలమానం కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటి కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇవి కనిపిస్తేనే ఆ నిర్ధారణకు వస్తారు. మొదలయ్యే సమయం, ముగిసే సమయం గోడ మీద రాసి ఉన్న ల్యాబ్‌కు ఉన్న బలం ఇక్కడే తెలుస్తుంది. ఫోన్‌లో ఆట ఎప్పుడు ఆపాలో చెప్పేవారుండరు. ల్యాబ్‌లో గంట కొడతారు.

తెర వైపు చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం తగ్గి కళ్లు పొడిబారతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. ల్యాబ్ అంత పొడవు లేకపోతే కిటికీలోంచి బయటి చెట్టును చూడవచ్చు. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే సమయం పిల్లల్లో హ్రస్వదృష్టి రాకను తగ్గిస్తుందని పరిశోధనలు చూపాయి. కాబట్టి ఈ-స్పోర్ట్స్ కోసం ఆటల పీరియడ్‌ను మాత్రం తీసుకోకూడదు.

లాభాల గురించి కూడా అతిగా చెప్పరాదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ గ్రీన్, డాఫ్నే బవెల్యే 2003లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. వేగవంతమైన వీడియో ఆటలు దృశ్యంపై ధ్యాస నిలిపే శక్తిని పెంచుతాయని అందులో చూపారు. మార్కులు పెరుగుతాయని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు.

ఆడని పిల్లలకూ పని

జట్టులో ఆడేవారు కొందరే. కానీ ఒక పోటీ నడవాలంటే రిఫరీ, స్కోరు రాసేవారు, నెట్‌వర్క్ చూసేవారు, వ్యాఖ్యాత కావాలి. ఏడు మాధ్యమాలున్న నగరంలో ఒకే పోటీకి తెలుగులో ఒకరు, గుజరాతీలో ఒకరు, ఒడియాలో ఒకరు వ్యాఖ్యానం చెప్పవచ్చు. ఆడపిల్లలకు సీట్లు ముందే కేటాయించకపోతే మొదటి వారంలోనే ల్యాబ్ మగపిల్లలతో నిండిపోతుంది. సాయంత్రం ఆలస్యం కాకుండా వేళలు పెట్టడం, తల్లులను ఒకసారి ల్యాబ్‌కు పిలిచి చూపించడం కూడా ఈ ఏర్పాటులో భాగమే.

ఇదంతా మొదలుపెట్టడానికి ఒక స్కేలు చాలు. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదిలేస్తాడు. కింద వేళ్లు తెరిచి ఉంచిన మరో విద్యార్థి దాన్ని పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే ఆ విద్యార్థి స్పందించడానికి 0.20 సెకను పట్టినట్టు. చేయి జారిపోతే 0.25 సెకను దాటినట్టే. తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠమే ఇక్కడ గడియారం. మనిషి స్పందనకే 200 మిల్లీసెకన్లు పడుతుందని పిల్లలకు తెలిశాక, 10 మిల్లీసెకన్ల తేడా కోసం వేలు పోసి మానిటర్ కొనాలా, కేబుల్ వేసి 50 మిల్లీసెకన్ల హెచ్చుతగ్గులు తగ్గించాలా అన్నది వాళ్లే తేల్చుకోగలరు.

మొదటి నెలంతా పిల్లలు ఇలా కొలిచి, గోడ మీద పట్టిక వేస్తే, రెండో నెలలో ఆట మొదలుపెట్టవచ్చు. అప్పటికి ఆ గదిలో ఏ కంప్యూటర్ ఎందుకు నెమ్మదిగా ఉందో చెప్పగలిగే పిల్లలు కనీసం నలుగురైనా తయారవుతారు. పోటీలో ఎవరు గెలిచినా, ఆ నలుగురు నేర్చుకున్నది పాఠశాలకు మిగిలిపోతుంది.