స్త్రీల మూత్రకోశ వ్యాధి: మంచినీరు, మాత్రలు

భిలాయి ఉక్కునగరమున తెలుగు కుటుంబములు అనేకము కలవు. 1959లో అచట మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన పిదప పనికై వచ్చి స్థిరపడినవారు వీరిలో ఎందరో యున్నారు. వేసవిలో అచట వేడిమి 40 డిగ్రీలను దాటును. ఒంటిలోని నీరు చెమటగా పోవుచుండగా, మరుగుదొడ్డికి పోవుటకు వీలుచిక్కని స్త్రీ నీరు త్రాగుటయే తగ్గించుకొనును, మూత్రమును బిగబట్టుకొనును. ఇది వ్యాధికి ద్వారము తెరచుటయే.

మూత్రము పోయునపుడు మంట, మాటిమాటికి పోవలెననిపించుట, పొత్తికడుపున నొప్పి దీని లక్షణములు. స్త్రీలలో మూత్రము వెలువడు నాళము పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. ప్రేగులలో నివసించు ఇ.కోలై అను సూక్ష్మజీవి ఆ కొద్దిదూరము ప్రాకి మూత్రాశయపు గోడను అంటిపెట్టుకొనును. మూత్రము ధారాళముగా వెడలినచో అది కొట్టుకొనిపోవును.

నీటి మహిమ వట్టి నమ్మకము కాదు. తక్కువగా నీరు త్రాగుచు, తరచు ఈ వ్యాధికి లోనగు 140 మంది స్త్రీలపై బల్గేరియాలో జరిగిన పరిశోధన 2018లో వెలువడినది. రోజునకు ఒకటిన్నర లీటరు అదనముగా త్రాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లును, త్రాగనివారికి 3.2 సార్లును వ్యాధి వచ్చెను. ఇంతకన్న చౌకయైన మందు ఏ దుకాణమునను దొరకదు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగియే నీరు హెచ్చించుకొనవలెను.

ఇక మాత్రల సంగతి. క్రాన్‌బెర్రీ అను అమెరికా ఫలములోని పదార్థము సూక్ష్మజీవిని గోడకు అంటుకొననీయదు. 50 పరిశోధనలను కూర్చి 2023లో ప్రకటించిన సమీక్షననుసరించి, వ్యాధి తిరుగబెట్టు స్త్రీలలో ఇది ముప్పును సుమారు నాలుగవవంతు తగ్గించును. గర్భిణులకు మేలు కనబడలేదు. మన వాక్కాయ క్రాన్‌బెర్రీ కాదు. ఆ పేరిట అమ్మినను ఈ ఫలితములు దానికి వర్తింపవు. డి-మానోజ్ అను పొడిని ఆరునెలలు వాడిన బ్రిటిష్ స్త్రీలకు ఉత్తుత్తి పొడి వాడినవారికన్న చెప్పుకోదగిన లాభము కలుగలేదని 2024లో తేలినది. సి విటమిన్ విషయమున తగిన రుజువు లేదు.

రక్తము పలుచబడుటకు వార్ఫరిన్ వాడువారు వైద్యుని అడుగక క్రాన్‌బెర్రీ ముట్టరాదు. వచ్చిన వ్యాధిని ఈ మాత్రలేవియు నయము చేయజాలవు. మూత్రపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడవలెను. చలిజ్వరము, నడుముపై ప్రక్కనొప్పి, వాంతులు ఉన్నను, రోగి గర్భిణియైనను, సెక్టారు 9 ఆసుపత్రికిగాని దుర్గ్ జిల్లా ఆసుపత్రికిగాని ఆ దినముననే తీసికొనిపోవలెను.