ఆ పాటలో ఆమె పాలెంత?

భద్రాచలం, మణుగూరు అడవి పల్లెల్లో కోయ ఆడవాళ్లు చేతులు పట్టుకుని, వరుసగా అడుగులేస్తూ రేల పాటలు పాడటం మీలో కొందరైనా చూసే ఉంటారు. ఒకే దరువు మీద ఎంతసేపైనా సాగుతుంది పాట. ఒకామె అందుకుంటే మిగతావాళ్లు గొంతు కలుపుతారు. ఫలానావాళ్లు కట్టారని చెప్పడం కష్టం.

ఇంచుమించు ఇలాగే, ఒకే దరువును పట్టుకుని 1980లో అమెరికాలో ఓ బ్యాండు ఆల్బమ్ చేసింది. బ్యాండు పేరు టాకింగ్ హెడ్స్. అప్పట్లో 'న్యూ వేవ్' అన్న రాక్ సంగీతం వాళ్లది. ఆల్బమ్ 'రిమెయిన్ ఇన్ లైట్'. నైజీరియా గాయకుడు ఫెలా కుటి సంగీతం మీద మోజుపడ్డారు వీళ్లు. బహామా దీవుల్లోని స్టూడియోలో చేరి, పాటంటూ ఏదీ రాసుకోకుండానే చిన్న చిన్న ముక్కల్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ టేపుకెక్కించారు. ఒకదానిమీద ఒకటి పేర్చి, ఏ వాద్యం ఎక్కడ వినిపించాలో, ఎక్కడ ఆగాలో తర్వాత తేల్చుకున్నారు. పాత చీరల ముక్కలతో బొంత కుట్టినట్టన్నమాట. మాటలు చిట్టచివర!

బ్యాండులో ఒకే ఒక్క ఆడమనిషి టీనా వేమౌత్. డ్రమ్స్ వాయించే క్రిస్ ఫ్రాంట్జ్ ఆమె భర్త. బేస్ గిటార్ ఈ బ్యాండు కోసమే నేర్చుకుంది. రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరాక కూడా ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టారట, పాపం! బేస్ వాయిద్యం చెవికి ముందుగా తట్టదు. ఆపేస్తే మాత్రం పాట కూలబడుతుంది. అచ్చం ఇంటిపనే! అట్ట మీద ఎర్రరంగు పులిమిన ముఖాల బొమ్మ కూడా ఆ దంపతుల ఆలోచనే. ఆ రోజుల్లోనే కంప్యూటరు మీద చేయించారు.

తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే పాటల కర్తలుగా గాయకుడు డేవిడ్ బర్న్, నిర్మాత బ్రయాన్ ఈనోల పేర్లు విడిగా ముందున్నాయి. మిగతా ముగ్గురూ 'టాకింగ్ హెడ్స్' అన్న మాటలో కలిసిపోయారు. గొడవ కాక ఏమవుతుంది? దరువు లేకపోతే ఆ మాటలు ఎక్కడ నిలబడేవి?

మన దగ్గర మాత్రం? నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడుకున్న వరస క్యాసెట్లోకో సినిమాలోకో ఎక్కితే 'జానపదం' అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. మణుగూరు మండలం కూనవరం డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ కథల్ని కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చాకగానీ ఆ పేరు చాలామందికి తెలియలేదు. 2024లో కన్నుమూశారు. ఆయన పేరైనా బయటికొచ్చింది. రేల పాడే ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

అన్నట్టు, టాకింగ్ హెడ్స్ ఆల్బమ్ కథ అక్కడితో ఆగలేదు. ఆఫ్రికాలోని బెనిన్ దేశం నుంచి 1983లో పారిస్ చేరిన గాయని ఆంజెలిక్ కిడ్జో అందులోని ఒక పాట విని, ఇది మా ఆఫ్రికాదే కదా అనుకుందట. 2018లో ఆ ఎనిమిది పాటల్నీ తనే మళ్లీ పాడి, తన పేరుతో విడుదల చేసింది. డ్రమ్స్ వాయించడానికి ఎవరిని పిలిచిందో తెలుసా? ఒకప్పుడు ఫెలా కుటి పక్కన వాయించిన టోనీ ఆలెన్‌ని.