అజీర్తి అమ్మది, అనుమానం పాలమీద

కళింగపట్నం తీరంలో బాలింతకు పాలసొర పిట్టు పెడితే పాలు పడతాయంటారు. సొరను ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చేసి, వెల్లుల్లి దట్టించి వండుతారు. అదే వంటింట్లో వద్దన్నవాటి జాబితా ఇంకా పొడుగు: వంకాయ, పనసతొన, శనగపప్పు, పెరుగు. పిల్లాడు రాత్రి ఏడిస్తే మర్నాడు విచారణ తల్లి కంచంతోనే మొదలవుతుంది.

అంగన్‌వాడీలో బాలింతకు గుడ్డూ, పాలూ ఇస్తారు. ఆ పాలు తాగితే కడుపుబ్బి, విరేచనాలయ్యే తల్లులున్నారు. ఇది రోగం కాదు. పాలలోని చక్కెర లాక్టోజు. దాన్ని అరిగించే లాక్టేజ్ దక్షిణాదిలో చాలామందికి బాల్యం దాటేసరికి తగ్గిపోతుంది. ‘నాకే పడనివి నా బిడ్డకేం పడతాయి’ అని తల్లి భయం. కానీ చనుబాలలోని లాక్టోజు ఆమె తాగిన గ్లాసులోంచి రాదు. ఆమె రక్తంలోని గ్లూకోజు నుంచి రొమ్ములోనే తయారవుతుంది. జన్మలో గేదెపాలు ముట్టని తల్లి పాలలోనూ 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములుంటుంది. దాన్ని అరిగించుకునే ఏర్పాటుతోనే బిడ్డ పుడతాడు. అది లేకుండా పుట్టడం అత్యంత అరుదు.

శనగపప్పు సంగతీ అంతే. వాయువు పేగుల్లో పుట్టి చాలావరకు పేగుల్లోంచే పోతుంది. అది రొమ్ముకు చేరే దారి అత్తగారికి తప్ప ఏ వైద్యుడికీ తెలియదు. పుట్టిన ఆరు వారాలప్పుడు ఏడుపు బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గడం చాలామంది పిల్లల్లో మామూలే. ఈలోగా ఏది మానేస్తే దానికి ఆ పేరు దక్కుతుంది. వెల్లుల్లి వాసన మాత్రం పాలలోకి నిజంగానే వస్తుంది. అమెరికాలో 1991లో పరీక్షించి చూస్తే, ఆ పాలను పిల్లలు ఇంకాసేపు ఎక్కువ తాగారు.

అయితే జాగ్రత్త పడాల్సిన చోటూ ఒకటుంది. తల్లి తిన్న ఆహారంలోని ప్రొటీన్లు, ముఖ్యంగా ఆవు, గేదె పాలవి, అతి కొద్దిగా చనుబాలలోకి వస్తాయి. కొద్దిమంది పిల్లలకు అవి పడవు. విరేచనంలో నెత్తురు చారలు, జిగట, మానని ఎగ్జిమా, వాంతులు కనిపిస్తాయి. అప్పుడు డాక్టరు సలహాతో తల్లి తాను తాగే ఆవు, గేదె పాలు, పెరుగు, మజ్జిగ రెండు నుంచి నాలుగు వారాలు మానాలి. తగ్గితే మళ్లీ తిని చూడాలి. ఆ రెండో మెట్టు ఎక్కకపోతే తగ్గింది పథ్యం వల్లో, కాలం వల్లో తేలదు. ఆవుపాలు మాని మేకపాలకు మారడం దండగ. రెండింటి ప్రొటీన్లూ దాదాపు ఒకటే.

పాలు మానిన తల్లికి కాల్షియం కావాలి. చోడంబలి (రాగి అంబలి) ఉంది, ముళ్లతో సహా తినే ఎండు నెత్తళ్లున్నాయి. డాక్టరు మాత్ర కూడా రాస్తారు. సొర విషయంలో మాత్రం ఆచారం కాస్త తడబడింది. వేటాడి బతికే చేప కాబట్టి దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. పాలిచ్చే తల్లులు తినకూడదని అమెరికా ఆహార సంస్థ చెప్పే చేపల్లో సొర ఒకటి. పాలు పెరగాలంటే బిడ్డకు తరచుగా పట్టడమే దారి. చేప తినాలనుంటే నెత్తళ్లు, కవళ్లు సొరకన్నా మేలు.

విరేచనంలో నెత్తురు కనిపించినా, బిడ్డ బరువు పెరగకపోయినా పథ్యాలతో కాలయాపన చేయకండి, పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా చనుబాలు మాత్రం ఆపకండి.